గులకరాళ్ళ వలయం: ఇయోలో మోర్గానుగ్ జీవితం

ప్రతి సంవత్సరం ఆగస్టు మాసారంభంలో బ్రిటన్ దీవికి పశ్చిమాన ఉన్న వేల్స్ దేశంలో వారం రోజులపాటు ఒక సాహిత్యోత్సవం జరుగుతుంది. దానిని ఐస్తెద్‌వొద్ అంటారు. సామాన్యంగా ఒక ఏడు ఉత్తరాన జరిగితే మరుసటి ఏడు దక్షిణాన జరుగుతుంది. ఆ ఉత్సవంలో తెల్లని, నీలిరంగు, ఆకుపచ్చ వస్త్రాలు ధరించిన కవులూ పండితులూ బారులు తీరి నడిచి వచ్చి, వృత్తాకారంగా నిలిపిన రాళ్ళ నడుమ సమావేశమవుతారు. ఒక మహాఖడ్గాన్ని ఒరలోనుండి సగం వరకే దూసి, సభలో శాంతి ఉన్నదా అని మూడు మార్లు అడుగుతారు. ఉన్నదని జనం మూడు మార్లు బదులు పలికిన పిమ్మట ఖడ్గాన్ని తిరిగి ఒరలోనికి తోస్తారు. అప్పుడు గానీ కవితాసింహాసనం గెలిచిన కవికి పట్టాభిషేకం జరగదు.

చూచేవారికి ఇది క్రీస్తుకు పూర్వపు తంతు వలె తోస్తుంది. క్రైస్తవమతం రాకపూర్వం ఆ దీవులలోని కెల్టిక్ తెగలకు ద్రూయిదులు అనే పురోహితులు ఉండేవారు. వారు గ్రంథస్థం చేసినది ఏదీ మిగలలేదు. వారిని గురించి మనకు తెలిసినదంతా సీజరు, టాసిటస్ వంటి పరాయివారు వ్రాసిపెట్టినదే. వారి చివరి ఆశ్రయమైన ఆంగ్లసీ ద్వీపంపై రోమను సైన్యం క్రీ.శ. 60 ప్రాంతంలో దండెత్తి అక్కడి పవిత్రవనాలను నరికివేసింది. ఆ పిమ్మట పదిహేడు శతాబ్దాలకు, 1792లో, లండను నగరపు శివారున ఒక గుట్టపై ఒక రాతిపనివాడు తానే ద్రూయిదుల వారసుడనని ప్రకటించుకొని ఈ సభను నెలకొల్పాడు. అతని పేరు ఎడ్వర్డ్ విలియమ్స్. అతడు తనకు తాను పెట్టుకొన్న బిరుదనామం ఇయోలో మోర్గానుగ్. మోర్గానుగ్ అంటే అతని స్వస్థలమైన గ్లమోర్గన్ సీమ.

ఇయోలో 1747 మార్చి 10న గ్లమోర్గన్‌లోని లాన్‌కార్వన్ పరిధిలో పెన్నన్ అనే చిన్న పల్లెలో జన్మించాడు. తండ్రి రాళ్ళు చెక్కి జీవించేవాడు. తల్లి ఆన్ కాస్త పేరున్న వంశంలో పుట్టి, ఆస్తి లేక బంధువుల పంచన పెరిగిన స్త్రీ. కొంతకాలానికి వారి కుటుంబం దగ్గరలోనే ఉన్న ఫ్లెమింగ్‌స్టన్ గ్రామానికి మారింది. ఇయోలో బడి ముఖం సరిగా చూడలేదు. తండ్రి సమాధిఫలకాలపై ఉలితో అక్షరాలు చెక్కుతుండగా చూచి అక్షరాలు నేర్చుకొన్నాడు. పుస్తకాలు చదివే అలవాటు తల్లివద్దనే అబ్బింది. ఆమె ఇంటిలో ఎక్కువగా ఇంగ్లీషే మాట్లాడేది. కనుక తన జాతికి ప్రాణమని తరువాత ప్రకటించిన వేల్ష్ భాషను అతడు సాహిత్యభాషగా శ్రద్ధతో అభ్యసించవలసివచ్చింది. ఇంటిలో ఒక భాష, ఊరిలో మరొక భాష, కచేరీలో ఇంకొక భాష నడిచే చోట పుట్టిన మన పాఠకులకు ఈ సంగతి వింతగా తోచదు.

ఆనాటి వేల్స్ స్థితిని కొంచెం చెప్పుకోవాలి. 1536, 1543 సంవత్సరాల శాసనాలతో వేల్స్ ఇంగ్లాండులో విలీనమైంది. న్యాయస్థానాల భాష ఇంగ్లీషయింది. ప్రజలలో అత్యధికులు వేల్ష్ మాట్లాడేవారే అయినా ఆ భాషకు అధికారపీఠంలో చోటు లేదు. విశ్వవిద్యాలయం లేదు, రాజధాని లేదు, గ్రంథభాండాగారం లేదు. 1588లో అచ్చయిన బైబిలు అనువాదమే ఆ భాషను నిలబెట్టిన స్తంభం. ప్రభువుల ఇళ్ళలో కవులను పోషించే ఆచారం ఏనాడో అంతరించింది. ప్రాచీన తాళపత్రాలవంటి వ్రాతప్రతులు జమీందారుల భవనాలలో చెదపురుగుల పాలవుతున్నాయి. కవితాగోష్ఠులు అప్పుడప్పుడు ఏ సత్రంలోనో నలుగురైదుగురితో జరిగేవి.

గ్లమోర్గన్ కొండసీమలలో మిగిలిన కొద్దిపాటి కవులవద్ద ఇయోలో శిష్యరికం చేశాడు. లూయిస్ హాప్కిన్, షోన్ బ్రాడ్‌ఫర్డ్ వంటివారు అతనికి ఛందోరహస్యాలు చెప్పారు. నిఘంటుకారుడైన జాన్ వాల్టర్స్ అతనికి భాషాశాస్త్రంలో దారి చూపాడు. వేల్ష్ పద్యానికి కంగ్‌హానెద్ అనే నియమం ఉన్నది. ఒక పాదంలో హల్లులు వరుసగా ఆవృత్తి కావాలి, లేదా అంతఃప్రాస పడాలి. యతిప్రాసలను బాల్యంలోనే చెవికి పట్టించుకొన్న తెలుగువానికి దానిలోని కష్టమూ సుఖమూ రెండూ అర్థమవుతాయి. ఆ విద్యలో ఇయోలో సాటిలేనివాడయ్యాడు. ఎంతగా అంటే, నాలుగు వందల ఏళ్ళ క్రితపు మహాకవి గొంతుతో పద్యం చెప్పగలిగేటంతగా. అతని వైభవానికీ అపకీర్తికీ మూలం ఆ సామర్థ్యమే.

1770లో తల్లి మరణించింది. అనంతరం అతడు ఉలీ సుత్తీ సంచిలో వేసుకొని లండనుకూ కెంట్ సీమకూ పనికోసం వెళ్ళాడు. ఉబ్బసవ్యాధి అతన్ని జీవితాంతం వేధించింది. పడుకొంటే ఊపిరాడదు గనుక కుర్చీలో కూర్చొనే నిద్రించేవాడు. ఉపశమనానికై సుమారు 1773 నుండి లాడనం అనే నల్లమందు ద్రావకం సేవించడం మొదలుపెట్టి, యాభైయేళ్ళకు పైగా మానలేదు. గుర్రమెక్కక వందల మైళ్ళు కాలినడకనే తిరిగేవాడు.

1781లో మార్గరెట్ రాబర్ట్స్ అనే యువతిని వివాహమాడాడు. ఆమెకు కొద్దిపాటి భూమి ఉండేది. ఇయోలో వ్యవసాయం చేశాడు, పడవ వ్యాపారం చేశాడు, అన్నింటిలోనూ నష్టపోయాడు. 1786లో అప్పుల క్రింద కార్డిఫ్ చెరసాలలో వేశారు. సుమారు ఏడాదిపాటు అక్కడే గడిపాడు. 1787లో పుట్టిన కుమారునికి ప్రాచీన కవి పేరుమీద తలియెసిన్ అని పేరు పెట్టాడు. ఇల్లు గడవడమెట్లాగో ఆలోచించిన వ్యక్తి ఆ ఇంటిలో మార్గరెట్ ఒక్కతే. భర్త నెలల తరబడి లండనులో కవిసభలు నడుపుతుండగా ఆమె పిల్లలను సాకింది. చిన్నకూతురు మరణించిన వేళ కూడా అతడు ఇంట లేడు. సంఘాలు నడిపే మహనీయుల చరిత్రలలో ఇటువంటి గృహిణుల పేర్లు ఒక పంక్తికి మించి రావు.

లండనులో వేల్ష్‌వారి సంఘాలు కొన్ని ఉండేవి. వాటిలో గ్వినెద్దిగియోన్ అనేది ప్రధానంగా ఉత్తర వేల్స్‌వారిది. దానికి పెద్దదిక్కు ఓవెన్ జోన్స్ అనే ఉన్నితోళ్ళ వర్తకుడు. తన సంపాదనను ప్రాచీన వేల్ష్ సాహిత్యాన్ని అచ్చువేయించడానికి ధారపోసిన ఉదారుడు. 1789లో ఆయనా విలియం ఓవెన్ అనే పండితుడూ కలిసి పదునాలుగవ శతాబ్దపు మహాకవి దావిద్ ఆప్ గ్విలిం కావ్యసంపుటిని ప్రచురించారు. ఇయోలో దక్షిణాదిలో దొరికాయని చెప్పి మరికొన్ని పద్యాలు పంపగా వాటిని అనుబంధంగా చేర్చారు. చదివినవారు ఆ అనుబంధంలోని పద్యాలనే మిక్కిలి మెచ్చుకొన్నారు. వాటిలో పెక్కింటిని ఇయోలోయే వ్రాశాడని నిరూపించడానికి దాదాపు నూట నలభై ఏళ్ళు పట్టింది.

అతడెందుకిట్లా చేశాడన్నది అతని జీవితంలోకెల్లా జటిలమైన ప్రశ్న. పేరుకోసమని చెప్పడానికి లేదు. తన ఉత్తమ రచనలపై తన పేరు వ్రాసుకోలేదు. డబ్బుకోసమనీ చెప్పలేము. నల్లమందు ప్రభావమని కొందరన్నారు. మత్తులో ఉన్నవాడు వేలకొలది పుటలలో వంశావళులూ, శతాబ్దాలవారీ భాషాభేదాలూ, ఒకదానితో ఒకటి పొసగే సాక్ష్యాలూ సృష్టించలేడని మా అభిప్రాయం. అసలు కారణం వేరొకటి కనబడుతుంది. ఉత్తర వేల్స్ పండితులు సాహిత్యసంప్రదాయమంతా తమదేననీ, గ్లమోర్గన్‌వారిది అపభ్రంశపు భాష అనీ తలచేవారు. అంచున ఉన్నవారి మాండలికాన్ని చిన్నచూపు చూడడం ఏ దేశంలోనైనా ఉన్నదే. ఇయోలోకు అది భరించరానిదయింది. తన సీమలోనే ద్రూయిదుల జ్ఞానం అవిచ్ఛిన్నంగా గురుశిష్యపరంపరగా నిలిచినదనీ, దానికి తానూ మరొక కవీ మాత్రమే మిగిలిన వారసులమనీ ప్రకటించాడు. ఆధారాలు అడిగినవారికి ఆధారాలు చూపాడు. లేనివాటిని రాత్రింబవళ్ళు కూర్చొని వ్రాశాడు.

మన దేశంలో వేమన పేరిట, శ్రీనాథుని పేరిట ఎందరో అజ్ఞాతకవులు పద్యాలు చెప్పారు. మనం వాటిని ప్రక్షిప్తాలని వేరుచేసి ఊరుకుంటాము. ఇయోలో చేసినది అంతకంటె పెద్దపని. పద్యాలతోబాటు వాటిని భద్రపరచిన సంస్థకు పూర్వచరిత్రనూ, దాని నియమావళినీ, లిపినీ, పండుగనూ కూడా కల్పించాడు.

ఆ సంస్థయే గొర్సెద్. ఆ మాటకు సింహాసనం, సభ అనే అర్థాలున్నాయి. 1792 జూన్ 21న, ఉత్తరాయణం ముగిసే దీర్ఘదినాన, లండనులోని ప్రింరోజ్ గుట్టపై దాని తొలిసభ జరిగింది. చిన్నరాళ్ళను వలయంగా పేర్చి, నడుమ ఒక రాతిని వేదికగా ఉంచి, దానిపై ఒక ఖడ్గాన్ని ఉంచారు. వచ్చినవారు బహు కొద్దిమంది. కెప్టెన్ కుక్ చివరి సముద్రయానంలో ఓడవైద్యుడిగా పనిచేసి, హవాయిలో కుక్ మరణించిన సమయానికి అక్కడే ఉన్న డేవిడ్ సామ్వెల్ కూడా ఈ తొలినాటి సభల కవులలో ఒకడు. అదే ఏడు సెప్టెంబరులో విషువత్తు రోజున మళ్ళీ సభ జరిగితే లండను పత్రికలు దానిని ప్రకటించాయి. కొన్ని రాళ్ళు, ఒక కత్తి, పదిమందికి మించని మనుషులు. అయినా అచ్చులో చదివినవారికి అది వేలయేండ్ల ఆచారమే అయింది.

గొర్సెద్‌కు ఇయోలో ఏర్పరచిన నియమాలు సంఘాలు నడిపేవారు పరిశీలింపదగినవి. సభ్యులు మూడు శ్రేణులు. కవులకు నీలివర్ణం, విద్యాభ్యాసకులైన ఓవేటులకు ఆకుపచ్చ, ద్రూయిదులకు తెలుపు. సభలు అయనాంతాలకూ విషువత్తులకూ జరగాలి. కట్టడంలోపల గాక ఆకాశం క్రింద, సూర్యుడు చూస్తుండగా, అందరికీ కనబడేటట్లు, వినబడేటట్లు జరగాలి. రహస్యమన్నది ఉండరాదు. సభలో ఆయుధం దూయరాదు. ముఖ్యసభను ఏడాదిమీద ఒక దినం ముందుగా బహిరంగంగా చాటించాలి. ఈ చివరి నియమం ఎంత తెలివైనదో ఆలోచించండి. పండుగ ముగిసేనాటికే రాబోయే పండుగకు ఊరు నిశ్చయమై, అక్కడివారు చందాలకూ వసతికీ పూనుకోవలసివస్తుంది. ఒక వ్యక్తి ఉత్సాహంపై ఆధారపడే సంఘం ఆ వ్యక్తితోనే పోతుంది. వచ్చే ఏటి తేదీని ముందే మెడకు చుట్టుకొన్న సంఘం అంత తేలికగా పోదు. సూర్యుని ఎదుట దాపరికం లేకుండా జరగాలని శాసించినవాడే చీకటిగదిలో పాతప్రతులను పుట్టించాడన్న వైరుధ్యం మాత్రం అట్లాగే ఉన్నది.

వీటికి తోడు కొయ్యపలకలపై కత్తితో గీయడానికి వీలైన నిలువుగీతల లిపి ఒకటి కల్పించి, ప్రాచీనకవుల లిపి అని చెప్పాడు. భగవన్నామానికి సంకేతంగా మూడు కిరణాల గుర్తు ఏర్పరచాడు. ఒక ప్రార్థన కూర్చాడు. ఆత్మ నీచయోనుల నుండి పైకి పైకి జన్మలెత్తుతూ పరిపూర్ణతను చేరుతుందనే సిద్ధాంతాన్ని ద్రూయిదులకు ఆపాదించాడు. ద్రూయిదులు పునర్జన్మను నమ్మేవారని సీజరు వ్రాసినమాట నిజమే. ఆ కాలంలోనే కలకత్తాలో సర్ విలియం జోన్స్ వెలువరిస్తున్న భారతీయ గ్రంథాల అనువాదాలు లండను పండితులలో సంచలనం కలిగిస్తున్నాయి. జోన్స్ తండ్రి ఆంగ్లసీ ద్వీపంవాడు. మన తత్త్వచింతన నీడ గొర్సెద్ వేదాంతంపై పడి ఉండవచ్చునని భావించేవారున్నారు.

ఇయోలో నమ్మకాలలో అన్యమతారాధన ఎంత, క్రైస్తవమెంత అన్నది తేల్చడం కష్టం. అతని ద్రూయిదులు అనేక దేవతలను పూజించినవారు కారు. వారిది ఏకేశ్వరవాదం, శాంతిమార్గం. నిజానికి వారు అతడు నమ్మిన యూనిటేరియన్ మతస్థులవలెనే ఉంటారు. త్రిత్వాన్ని నిరాకరించడం ఆనాటి ఇంగ్లాండులో చట్టవిరుద్ధం. ఆ నిషేధం తొలగినది 1813లో. అయినా ఇయోలో 1802లో దక్షిణ వేల్స్ యూనిటేరియన్ సంఘస్థాపనలో పాల్గొని దానికీ నియమావళి వ్రాశాడు. నియమావళులు వ్రాయడంలో అతనికి ఒక విధమైన ఆనందం ఉండేదనిపిస్తుంది.

రాజకీయాలలో అతడు ఫ్రెంచి విప్లవాభిమాని. 1794లో రెండు సంపుటాలుగా వెలువడిన తన ఇంగ్లీషు కవితలకు ముందుగా చందాదారులను కూడగట్టినప్పుడు ఆ జాబితాలో యువరాజూ ఉన్నాడు, రాచరికాన్ని తూర్పారబట్టిన టామ్ పెయినూ ఉన్నాడు, అమెరికా అధ్యక్షుడు వాషింగ్టనూ ఉన్నాడు, బానిసవ్యాపారంపై పోరాడిన విల్బర్‌ఫోర్సూ ఉన్నాడు. బేధాభిప్రాయాలవారిని ఒకే కాగితంపై సంతకం చేయించగలిగిన నేర్పు అది.

1795లో స్వదేశం చేరి కౌబ్రిడ్జ్ పట్టణంలో పుస్తకాల దుకాణం తెరిచాడు. వెస్టిండీస్ చక్కెర బానిసల నెత్తుటితో తడిసినదని అమ్మకుండా, మన దేశంనుండి ఈస్టిండియా వర్తకులు తెచ్చిన చక్కెరనే అమ్మకానికి పెట్టి ఆ సంగతి ప్రకటించుకొన్నాడు. విచిత్రమేమంటే అతని ముగ్గురు తమ్ములు జమైకా వెళ్ళి బానిసల శ్రమపై సంపన్నులయ్యారు. వారి సొమ్ము ముట్టనని అతడు బహిరంగంగా చెప్పుకొన్నాడు. వార్ధక్యంలో ఆ వారసత్వం విషయం ఇంటి గుమ్మం తొక్కినప్పుడు ఆ పట్టు సడలిందని 2000 తరువాతి పరిశోధకులు లేఖల ఆధారంగా చూపారు. ఆదర్శవాదుల చరిత్రను అభిమానులు వ్రాసినట్లు గాక కాగితాలు చెప్పినట్లు చదవడం మంచిది.

దుకాణంపై ప్రభుత్వ వేగులవారి కన్ను పడింది. 1797 ఫిబ్రవరిలో ఫ్రెంచి దళం ఒకటి వేల్స్ తీరంలోని ఫిష్‌గార్డ్ వద్ద దిగింది. రెండుమూడు రోజులలోనే లొంగిపోయింది గానీ, దేశమంతటా అనుమానం వ్యాపించింది. కొండలపై కత్తిచుట్టూ గుమిగూడి తెలియని భాషలో ఏదో చదివేవారు దేశద్రోహులుగా కనిపించడం సహజం. గ్లమోర్గన్ కొండలపై అతడు జరిపిన సభలకు అధికారులు అడ్డుతగలడంతో గొర్సెద్ చాలాకాలం మూలపడింది.

సభలు లేని ఆ కాలంలోనే ఇయోలో తన మరొక మహత్కార్యాన్ని చేశాడు. ఓవెన్ జోన్స్ ఖర్చుతో వేల్స్ అంతటా కాలినడకన తిరిగి వ్రాతప్రతులు చూచి నకళ్ళు తీశాడు. ఫలితంగా 1801 నుండి 1807 వరకు ప్రాచీన వేల్ష్ గ్రంథాల మహాసంకలనం మూడు సంపుటాలుగా వెలువడింది. దానిలో అసలుగ్రంథాలతోబాటు ఇయోలో కల్పించిన త్రికసూక్తులూ వంశచరిత్రలూ కలిసిపోయాయి. కలిపినవానికి తప్ప వేరెవరికీ వేరుచేయడం సాధ్యం కాలేదు. పండితలోకం శతాబ్దం పైగా ఆ కలగూరగంపనే ప్రమాణంగా ఉదాహరించింది. జరిగిన నష్టం చిన్నది కాదు. అతని నకళ్ళవల్ల మాత్రమే బ్రతికినవీ, పల్లెపాటలవలె అతడు వ్రాసుకోకపోతే నశించేవీ కూడా వాటి పక్కనే ఉన్నాయి. చివరకు ఓవెన్ జోన్స్‌తోనూ విలియం ఓవెన్‌తోనూ అతనికి చెడింది. ఇయోలోకు మిత్రులను సంపాదించడం తెలిసినంతగా నిలుపుకోవడం తెలియదు.

నెపోలియన్ పతనంతో మళ్ళీ గాలి మారింది. 1814లో, తన అరువదియేడవ ఏట, పొంటిప్రిద్ పట్టణంపైనున్న ఊగెడి రాతివద్ద గొర్సెద్‌ను జరిపాడు. అయితే నిజమైన విజయం 1819 జూలైలో కార్మార్థెన్‌లో లభించింది. అక్కడ సెయింట్ డేవిడ్స్ బిషప్ థామస్ బర్జెస్ పెద్దరికాన వేల్ష్ సాహిత్యసంఘమొకటి ఘనంగా ఐస్తెద్‌వొద్ జరిపింది. ఐస్తెద్‌వొద్ అనే కవితాపోటీ నిజంగానే ప్రాచీనమైనది. 1176లో కార్డిగన్ కోటలో జరిగినట్లు దాఖలా ఉన్నది. దానికీ గొర్సెద్‌కూ ఏ సంబంధమూ లేదు. ఆ సంబంధాన్ని కట్టినవాడు ఇయోలో. పోటీలు ముగిశాక ఐవీ బుష్ సత్రం తోటలో ఆ ముసలివాడు తెచ్చిన గులకరాళ్ళను గడ్డిపై వలయంగా పరచి, సభ్యత్వం తీసుకొనేవారి భుజాలకు రంగుపట్టీలు కట్టడం ప్రారంభించాడు. కవితాసింహాసనం గెలిచిన వాల్టర్ డేవిస్ అనే మతాచార్యునికి పట్టం కట్టాడు. అంతటితో ఆగక బిషప్‌గారి భుజానికీ ద్రూయిదుల తెల్లపట్టీ కట్టివేశాడు. యూనిటేరియన్ల మతాన్ని ఖండిస్తూ గ్రంథాలు వ్రాసిన ఆంగ్లికన్ బిషప్, ఒక యూనిటేరియన్ రాతిపనివాని చేత ద్రూయిదుగా దీక్ష పుచ్చుకొన్నాడన్నమాట. ఆనాటినుండి గొర్సెద్‌ను ఐస్తెద్‌వొద్ నుండి విడదీయడం ఎవరివల్లా కాలేదు.

తరువాత ఏడేళ్ళు అతడు ఫ్లెమింగ్‌స్టన్ కుటీరంలో కాగితాల గుట్టల మధ్య, కుర్చీలో కూర్చొని, ద్రూయిదుల మహాచరిత్ర వ్రాస్తూనే ఉన్నాడు. అది పూర్తికాలేదు. 1826 డిసెంబరు 18న మరణించాడు. ఆ గ్రామ చర్చిలోనే సమాధి చేశారు. కుమారుడు తలియెసిన్ మెర్థిర్ పట్టణంలో బడిపంతులు. తండ్రి మాటలన్నీ సత్యమని త్రికరణశుద్ధిగా నమ్మినవాడు. తండ్రి కాగితాలను సంపుటిగా సిద్ధంచేస్తూ 1847లో మరణించాడు. ఆ గ్రంథం 1848లో అచ్చయింది. సరిగా ఆ 1847లోనే ఇంగ్లీషు అధికారులు వేల్స్ విద్యపై నివేదిక సమర్పించి, వేల్ష్ భాషయే ఆ ప్రజల వెనుకబాటుకూ నీతిహీనతకూ మూలమని వ్రాశారు. అవమానపడిన ఆ జాతికి, మాకూ రెండువేలయేళ్ళ విద్వత్సభ ఉన్నదని చెప్పుకోవడానికి ఇయోలో విడిచిన వలయం అక్కరకు వచ్చింది. 1861లో అబర్‌డేర్‌లో జాతీయస్థాయి ఐస్తెద్‌వొద్ జరిగింది. 1890లలో చిత్రకారుడు హెర్కోమర్ రూపకల్పన చేసిన వస్త్రాలూ కిరీటమూ అమరి, తంతు నేటి వైభవాన్ని సంతరించుకొన్నది.

నిజం బయటపడక తప్పలేదు. 1896లో జాన్ మోరిస్-జోన్స్ అనే ఆచార్యుడు గొర్సెద్ ప్రాచీనత కల్ల అని వ్యాసాలు వ్రాశాడు. ఇయోలో వ్రాతప్రతులు 1916లో వేల్స్ జాతీయ గ్రంథాలయానికి చేరాయి. గ్రిఫిత్ జాన్ విలియమ్స్ అనే పండితుడు వాటిలో సంవత్సరాల తరబడి కృషిచేసి, ఇయోలో మరణించి సరిగా నూరేళ్ళు నిండిన 1926లో, దావిద్ ఆప్ గ్విలిం పేరిట చెలామణి అయిన పద్యాల గుట్టు నిరూపించాడు. ఆ పరిశోధకునికి ఒక విచిత్రమైన అనుభవం మిగిలింది. దొంగను పట్టుకొన్నాననుకొన్నవానికి ఆ దొంగ తన కాలంలోకెల్లా ప్రతిభావంతుడైన వేల్ష్ కవులలో ఒకడని ఒప్పుకోవలసివచ్చింది.

కల్పితమని తెలిసినా సభ ఆగలేదు. దానికి కారణం వెదకితే 1917 సెప్టెంబరు 6వ తేదీ జ్ఞాపకం వస్తుంది. ఆ ఏటి ఐస్తెద్‌వొద్ బిర్కెన్‌హెడ్‌లో జరిగింది. సింహాసనం గెలిచిన కవి కలంపేరును ఆనవాయితీ ప్రకారం ప్రధాన ద్రూయిదు వేదికపైనుండి పిలిచాడు. ఎవరూ లేవలేదు. మరల పిలిచాడు. మూడవసారీ సమాధానం లేదు. హెద్ విన్ అనే పేరుతో వ్రాసే ఆ గొర్రెల కాపరి యువకుడు అంతకు అయిదువారాలకు పైగా క్రితం, జూలై 31న, ఫ్లాండర్స్ యుద్ధభూమిలో మరణించాడని అప్పుడు సభకు తెలియజేసి, సింహాసనంపై నల్లని వస్త్రం కప్పారు. ఆ రోజు శాంతి ఉన్నదా అన్న ప్రశ్న ఆ జనసమూహానికి ఎట్లా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఒక నల్లమందు రోగి కల్పించిన తంతులో ఒక జాతి తన బిడ్డలకోసం విలపించింది. ఆ తరువాత దానిని బూటకమని కొట్టివేయడం ఎవరికీ సులభం కాలేదు.

గొర్సెద్ శాఖలు ఇతర కెల్టిక్ సీమలకూ వ్యాపించాయి. ఫ్రాన్సులోని బ్రిటనీలో 1900లో, కార్న్‌వాల్‌లో 1928లో సభలు ఏర్పడ్డాయి. ఇంగ్లాండులో ప్రకృతిని ఆరాధించే నవీన అన్యమత ద్రూయిదు సంఘాలవారు దీర్ఘదినాన స్టోన్‌హెంజ్ వంటి చోట్ల చేరినప్పుడు ఇయోలో కూర్చిన ప్రార్థనను నేటికీ చెప్పుకొంటారు. వేల్స్ గొర్సెద్ మాత్రం తనది మతసంస్థ కాదని, భాషాసంస్కృతులకై ఉన్న సభ అని స్పష్టంగా చెబుతుంది. అయినా వివాదం పూర్తిగా పోలేదు. 2002 ఆగస్టులో, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పదవికి ఎంపికైయున్న రోవన్ విలియమ్స్‌ను సెయింట్ డేవిడ్స్ ఉత్సవంలో తెల్లవస్త్రంతో గొర్సెద్‌లో చేర్చుకొన్నప్పుడు, క్రైస్తవ మతాధిపతి అన్యమత తంతులో పాల్గొనవచ్చునా అని కొందరు పత్రికల కెక్కారు. వేల్ష్ కవి కూడా అయిన ఆయన దానిని తేలికగానే తీసుకొన్నాడు. 1819లో బర్జెస్ బిషప్‌గారు ఎట్లా తీసుకొన్నారో మనకు తెలియదు గానీ, భుజానికి కట్టిన పట్టీని ఆయన కాదనలేదు.

ఐస్తెద్‌వొద్‌లో 1950 నుండి వేల్ష్ ఒక్కటే అధికారభాష. ఇంగ్లీషులో ఉపన్యాసమిచ్చే ప్రముఖుని వేదికపైకి పిలవడం అంతటితో ఆగింది. భాష రానివారికి ఇది కటువుగా తోచవచ్చు. ఏడాదిలో యాభైయొక్క వారాలు మరొక భాషకు వదిలిన జాతి ఒక్క వారం తనకోసం ఉంచుకొన్నదని వేల్ష్‌వారి వాదన.

చాలాకాలం వరకు ఉత్సవం జరిగిన ప్రతి ఊరిలోనూ పెద్దరాళ్ళతో శాశ్వతంగా వలయం నిలిపేవారు. ఆ దేశపు ఉద్యానవనాలలో అటువంటి వలయాలు ఇప్పటికీ కనబడతాయి. తెలియని యాత్రికులు వాటిని చరిత్రపూర్వయుగపు శిలలని భ్రమించి ఫొటోలు తీసుకొంటారు. ఖర్చు పెరగడంతో 2005 నుండి ఫైబరుగ్లాసుతో చేసిన రాళ్ళను లారీలో ఊరూరికీ తీసుకొనిపోతున్నారు. ఇది సంప్రదాయానికి అపచారమని కొందరు సణిగారు. 2024లో ఉత్సవం పొంటిప్రిద్‌కు వచ్చినప్పుడు ఆ ఊరి పార్కులో జరిగింది. ఇయోలో 1814లో నిలిచిన ఊగెడి రాయి ఆ పట్టణానికి ఎగువన, కొండపైన, ఇప్పటికీ అక్కడే ఉన్నది. రాళ్ళను మోసుకొనిపోయి గడ్డిమీద పరవడం మొదలుపెట్టినవాడు అతడే.